పిల్లలతో సీఏ ఫైనల్: ఒక గ్రూపు దాటడం ఎలా

పెళ్ళయి, పిల్లలు పుట్టి, సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చివరి మెట్టు అయిన ఫైనల్ మాత్రం అలాగే ఉండిపోయినవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటరు దగ్గర చేసే శిక్షణ, ఎప్పుడో అయింది. ఫైనల్లో మూడేసి పేపర్ల గ్రూపులు రెండు, వాటిలో ఒకటో రెండూనో మిగిలాయి. పుస్తకాలు అటకెక్కాయి. మళ్ళీ మొదలుపెడదామనుకునేసరికి "రోజుకి పన్నెండు గంటలు కూర్చోవాలి" అని ఎవరో అంటారు, ఇది నా వల్ల కాదులే అని వదిలేస్తారు. ఆ పన్నెండు గంటల లెక్క హాస్టల్లో ఉండి చదువుకునే ఇరవై రెండేళ్ళ వాళ్ళది. ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్ళ లెక్క వేరు. మీకు దొరికే గంటలు తక్కువ, పైగా అవన్నీ ఒకే రకమైనవి కావు. ఏ రకం గంటలో ఏ పని చెయ్యాలో కుదుర్చుకుంటే ఆ కాస్త సమయంతోనే గ్రూపు దాటవచ్చు. నేను ముఖ్యంగా తల్లుల కోసం రాస్తున్నాను. చదువుకుంటున్న తండ్రులకీ ఒక మాట ఉంది, ఆ సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

1. అటెంప్టు, గ్రూపు, ఊరు తేల్చుకోండి

2025 నుంచి ఫైనల్ ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు: జనవరి, మే, సెప్టెంబరు. మనలాంటివాళ్ళకి ఇది పెద్ద ఊరట. పిల్లకి ఒంట్లో బాగోక ఒక అటెంప్టు వదిలేసినా ఇంకోటి నాలుగు నెలల్లో వస్తుంది. అయితే మూడూ ఒకలాంటివి కావు. జనవరి పరీక్షలు సంక్రాంతి హడావుడికి దగ్గరగా వస్తాయి. చుట్టాలతో నిండిపోయే ఇల్లయితే ఆ రోజుల్లో గది దొరకడమే కష్టం. సెప్టెంబరంటే వానాకాలం జ్వరాలు, పైగా ఆ రోజుల్లోనే వినాయక చవితి పందిళ్ళ మైకులు. మేలో ఎండలు మండిపోతాయి, బడికెళ్ళే పిల్లలుంటే సెలవుల్లో ఇంట్లోనే ఉంటారు. కానీ ఆ సెలవుల్లోనే వాళ్ళని అమ్మమ్మగారింటికి పంపే వీలూ ఉంటుంది. మీ ఇంటికి ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది. అటెంప్టు ఏదైనా, అక్కడి నుంచి ఎనిమిది నెలలు వెనక్కి లెక్కేసి మొదలుపెట్టండి.

గ్రూపు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: ఒక్క గ్రూపే తీసుకోండి. రెండు గ్రూపులూ కలిపి రాస్తే ఒక గ్రూపులో ఎక్కువ వచ్చిన మార్కులు రెండో గ్రూపుని లాక్కొస్తాయన్నది నిజమే. ప్రతి పేపర్లో 40 వచ్చి, మొత్తం మీద 50 శాతం ఉంటే చాలు. కానీ 2024 నవంబరులో రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్ళలో గట్టెక్కింది 13.44 శాతమే. ఉద్యోగం లేకుండా, ఇంట్లో రోజంతా పిల్లని చూసే మనిషి ఉంటేనే ఆ దారి పట్టండి.

రెండూ మిగిలి ఉంటే ఏది ముందు? పిల్లకి ఏడాదిన్నర లోపుంటే మొదటి గ్రూపు. మొదటి గ్రూపులో ఫైనాన్షియల్ రిపోర్టింగ్, అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, ఆడిట్ ఉంటాయి. ఒక అటెంప్టు వాయిదా పడినా వీటిలో చదివింది చాలావరకు చెల్లుతుంది. రెండో గ్రూపులో డైరెక్ట్ టాక్స్, జీఎస్టీ ఉన్నాయి. వాటికి ఏ ఫైనాన్స్ చట్టం, ఏ తేదీ దాకా వచ్చిన సవరణలు వర్తిస్తాయన్నది అటెంప్టుని బట్టి మారిపోతుంది. వాయిదా పడే అవకాశం ఎక్కువగా ఉన్నప్పుడు వాటి జోలికి వెళ్తే చదివిందే మళ్ళీ చదవాలి. పైగా ఆరో పేపరు ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్‌కి పుస్తకాలు తీసుకెళ్ళనిస్తారు గానీ, అందులో అడిగే కేస్ స్టడీలకి మొదటి గ్రూపు సబ్జెక్టులు కూడా తెలిసుండాలి.

ఇక ఊరు. ఫారం నింపేటప్పుడు పరీక్ష రాసే ఊరు మీరే ఎంచుకోవచ్చు, తర్వాత మార్చుకోవడానికి కరెక్షన్ విండో కూడా ఇస్తారు. మీరు హైదరాబాదులో ఉంటున్నా పుట్టిల్లు గుంటూరో విశాఖపట్నమో అయితే, అక్కడే సెంటరు పెట్టుకోవడం గురించి గట్టిగా ఆలోచించండి. పరీక్ష రోజుల్లో పిల్ల అమ్మ దగ్గర ఉందన్న ధీమా చాలా పెద్దది.

2. సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్ మిగిలి ఉంటే అవి ముందు

కొత్త స్కీములో ఫైనల్ రాయాలంటే, మన వీలునిబట్టి సొంతంగా చదువుకునే ఈ మాడ్యూల్స్ నాలుగు సెట్లూ పాసై ఉండాలి, ఒక్కోదానికి 50 శాతం. వీటికి అటెంప్టు తేదీల గొడవ లేదు, సిద్ధమైనప్పుడు స్లాటు తీసుకొని ఆన్‌లైన్ పరీక్ష రాయొచ్చు. అందుకే కడుపుతో ఉన్న నెలలకీ, బిడ్డ పాల మీదే ఉన్న మొదటి నెలలకీ ఇవి బాగా నప్పుతాయి. ఆ రోజుల్లో ఫైనల్ పేపర్ల మీద కూర్చోలేకపోతున్నానని బాధపడే బదులు ఒక్కో సెట్టూ తీసేసుకోండి.

3. ఒక వారం పాటు మీ ఇంటి గడియారాన్ని గమనించండి

టైంటేబుల్ వెయ్యకండి, ఇంకా సమయం రాలేదు. ఒక వారం రోజులు ఏమీ మార్చకుండా, పిల్ల ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఎవరు ఎత్తుకున్నారు, మీకు ఖాళీ ఎప్పుడు దొరికింది, అది మధ్యలో ఎన్నిసార్లు తెగింది అన్నది కాగితం మీద రాయండి. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆ నిద్ర ఎక్కడెక్కడ పడుతోందో తెలిస్తే మీ సమయం ఎక్కడుందో తెలుస్తుంది.

వారం తర్వాత ఆ కాగితం చూస్తే మూడు రకాల సమయం కనబడుతుంది. మొదటిది గట్టి సమయం: పిల్ల వేరొకరి దగ్గరుంటుంది, లేదా గాఢ నిద్రలో ఉంటుంది, గంటన్నర పైన మిమ్మల్ని ఎవరూ పిలవరు. రెండోది తెగిపోయే సమయం: పిల్ల కునుకు తీస్తోంది, ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. మూడోది చేతులు ఖాళీ లేని సమయం: అన్నం తినిపించడం, జోకొట్టడం, బట్టలు మడతపెట్టడం, బస్సు ప్రయాణం.

లెక్క ఇలా వేసుకోండి. మామూలు రోజుల్లో మూడు గంటలు, ఆదివారం ఆరు గంటలు దొరికితే వారానికి 24. ముప్పై రెండు వారాలకి 768. జ్వరాలు, పెళ్ళిళ్ళు, చుట్టాలు అందులో నాలుగో వంతు తినేసినా 576 మిగులుతాయి. మూడు పేపర్లకి పంచితే ఒక్కోదానికి 192 గంటలు. మొదటి చదువుకి 110, రెండో చదువుకి 50, మూడోదానికి 20, నాలుగు పూర్తి పరీక్షలకి 12. ఒక గ్రూపుకి ఇది చాలు. నాలుగో వంతు పోతుందని ముందే ఒప్పుకున్నారు కాబట్టి, పిల్లకి జ్వరమొచ్చిన వారం మీ ప్లాను కూలిపోదు.

4. సమయానికి తగ్గ పని పెట్టండి

గట్టి సమయంలో కన్సాలిడేషన్ లెక్కలు, ఇండ్ ఏఎస్ 109 (ఫైనాన్షియల్ ఇన్‌స్ట్రుమెంట్ల అకౌంటింగ్ ప్రమాణం), డెరివేటివ్స్, బిజినెస్ వాల్యుయేషన్, డైరెక్ట్ టాక్స్‌లో పెద్ద లెక్కలు. మధ్యలో లేస్తే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పనులన్నీ ఇక్కడికే. ఈ సమయంలో వీడియో క్లాసులు చూడకండి. దొరికిన ఒక్క గట్టి గంటనీ క్లాసు వినడానికి ఖర్చు చేసి, లెక్క మాత్రం ఎప్పుడూ చేతితో చెయ్యకపోవడం వల్లే చాలామంది పరీక్ష హాల్లో ఆగిపోతున్నారు.

తెగిపోయే సమయంలో ఎంసీక్యూలు, అంటే ఇచ్చిన జవాబుల్లో సరైనది గుర్తించే ప్రశ్నలు. మొదటి అయిదు పేపర్లలో ఒక్కోదాంట్లో 30 మార్కులు వాటికే, నెగెటివ్ మార్కుల్లేవు. ఆడిట్ స్టాండర్డ్స్ ఒక్కొక్కటి, ప్రొఫెషనల్ ఎథిక్స్ క్లాజులు, జీఎస్టీలో సెక్షన్ 17(5) కింద వేటి మీద కట్టిన పన్నుకి క్రెడిట్ రాదన్న జాబితా, ఇలాంటివి పావుగంటలో ఒకటి తెమిలిపోతాయి. మంచం పక్కనే ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకోండి.

చేతులు ఖాళీ లేనప్పుడు చెవులుంటాయి. ఆడిట్ స్టాండర్డుల్లో ఎస్ఏ 570లో ఏముంది, ఎస్ఏ 701కి ఎప్పుడు వెళ్ళాలి అన్నది మీ గొంతుతోనే, మీరు మాట్లాడే తెలుగులోనే ఫోన్లో రికార్డు చేసుకోండి. ఒక్కోటి ఐదు నిమిషాలు. రికార్డు చెయ్యడమే సగం చదువు. గిన్నెలు తోముతూ వింటే మిగతా సగం. ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి పిల్ల కోసం.

అన్నిటికన్నా నాకు పనికొచ్చిన అలవాటు ఇంకోటి ఉంది. పిల్ల లేచి ఏడిస్తే పరుగెత్తే ముందు, "తర్వాత చెయ్యాల్సింది: గుడ్‌విల్, ఎన్‌సీఐ వాటా" అని ఒక్క ముక్క రాసి లేవండి. ఐదు సెకన్లు పడుతుంది. తిరిగొచ్చి ఎక్కడున్నానో వెతుక్కునే పావుగంట మిగులుతుంది. ఆ రోజంతా తిరిగి రాలేకపోయినా మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసే ఉంటుంది.

రాత్రి పిల్ల పడుకున్నాక చదువుదామనుకుంటే, జోకొడుతూ మనమే నిద్రపోతాం. పిల్ల రాత్రంతా పడుకునే వయసుకి వస్తే తొమ్మిదింటికి మీరూ పడుకొని నాలుగున్నరకి లేవండి. ఇంకా రాత్రి రెండుమూడుసార్లు పాలకి లేస్తుంటే మాత్రం ఈ సలహా మీకు కాదు. ఆ దశలో తెల్లవారుజాము చదువు పెట్టుకుంటే ఆరోగ్యం పాడవుతుంది. మీ గట్టి సమయం పగలే, వేరొకరి చేతుల్లో పిల్లని పెట్టి సంపాదించుకోవాలి.

5. సాయం అడగండి, గంట చెప్పి అడగండి

ఈ అడుగు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. "నేను చదువుకోవాలి, కొంచెం సాయం చెయ్యండి" అంటే ఇంట్లో అందరూ సరేనంటారు. రెండ్రోజుల తర్వాత అందరూ మర్చిపోతారు. అది వాళ్ళ తప్పు కాదు, ఏం చెయ్యాలో మనం చెప్పలేదు. ఇలా అడిగి చూడండి:

"అత్తయ్యా, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా బాబుని మీరు చూసుకుంటారా? వాడికి పాలు, ఉప్మా రెడీ చేసి పెడతాను. ఎనిమిది తర్వాత స్నానం, వంట అన్నీ నావే."

అందులో గంట ఉంది, పని ఉంది, ఎప్పుడు అయిపోతుందో కూడా ఉంది. పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులుంటాయి, వాళ్ళకీ పూజలూ నడకలూ ఉంటాయి. రెండు గంటలని చెప్పి రెండు గంటలకే లేచి వస్తే ఎన్ని నెలలైనా చూస్తారు. రెండంటే మూడున్నర చేస్తే నెలకే విసుగొస్తుంది. వాళ్ళు పెట్టింది పిల్ల తిననీ, వాళ్ళు కట్టిన బట్టలే కట్టుకోనీ. తలుపు వెనక నుంచి సర్దుబాట్లు చెప్పకండి.

భర్తతో మాట ఇంకాస్త స్పష్టంగా ఉండాలి. "ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరింటి దాకా పాప పూర్తిగా మీది. ఏడ్చినా నన్ను పిలవకండి, బయటికి తీసుకెళ్ళండి." తండ్రికి పిల్లని ఒంటరిగా చూడ్డం రాదనుకుంటాం. రెండు ఆదివారాలు వదిలిపెడితే వస్తుంది. పరీక్ష నెలలో ఆ అలవాటే మీకు శ్రీరామరక్ష.

ఇక చదువుతున్నది తండ్రే అయితే. మీరు ఆఫీసు నుంచి నేరుగా స్టడీ హాలుకి వెళ్ళి రాత్రి పదింటికి ఇల్లు చేరితే, మీ సీఏ కోసం మీ భార్య ఒంటరిగా పిల్లని పెంచుతున్నట్టే. రోజులో ఒక పని పూర్తిగా మీదిగా పెట్టుకోండి, పిల్ల స్నానమో, రాత్రి నిద్రపుచ్చడమో. చివరి నెలలో కూడా దాన్ని వదలకండి. వారానికి ఒక పూట ఆవిడకి పూర్తిగా సెలవివ్వండి.

ఇంట్లో పెద్దవాళ్ళు లేనివాళ్ళు డబ్బు ఖర్చు పెట్టే విషయంలో మొహమాటపడకండి. కొత్త క్లాసులకి కట్టే ఫీజుతో కొన్ని నెలల పాటు పనిమనిషినో క్రెషో పెట్టుకోవచ్చు, నా దృష్టిలో రెండోదే ఎక్కువ మార్కులు తెస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని చట్టంలో ఉంది, మీ ఆఫీసులో అడగండి. మూడేళ్ళు దాటిన పిల్లలకి అంగన్‌వాడీ ఉంది.

6. పిల్లకీ చెప్పండి

చెప్పకుండా మాయమవ్వకండి. ఏడాది, ఏడాదిన్నర వయసులో తల్లి కనబడకపోతే పిల్లలు బెంబేలెత్తుతారు. దొంగచాటుగా వెళ్తే ఆ తర్వాత క్షణం వదలరు. "అమ్మ చదువుకొని వస్తుంది, నానమ్మతో ఆడుకో" అని కళ్ళలోకి చూసి చెప్పి, ముద్దుపెట్టి వెళ్ళండి. మొదటి వారం ఏడుస్తారు. చెప్పినట్టే తిరిగొస్తారని నమ్మకం కుదిరాక తగ్గుతుంది. తిరిగొచ్చాక అరగంట ఫోను పక్కన పెట్టి పిల్లతోనే ఉండండి.

చదువు కోసం పిల్ల చేతికి ఫోనివ్వడం తేలిక దారిగా కనబడుతుంది. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర వద్దని, నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ క్లాసుల వీడియో కూడా పిల్ల ముందు పెట్టకండి.

7. ఆదివారం రెండు నుంచి ఐదు

అసలు పరీక్ష జరిగేది ఆ వేళకే, ఆరో పేపరు మాత్రం ఆరింటి దాకా ఉంటుంది. మొదటి అయిదు నెలలు ఆ మూడు గంటలు పెద్ద లెక్కలకి వాడుకోండి. చివరి మూడు నెలలూ ఒక్కో ఆదివారం ఒక పూర్తి పేపరు. సీఏ పరీక్షలు పెట్టే ఇనిస్టిట్యూట్ (ఐసీఏఐ) ఇచ్చే ఆర్టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్ట్ పేపర్లు, పాత ప్రశ్నపత్రాలు చాలు. గడియారం పెట్టి, పెన్నుతో, మధ్యలో లేవకుండా రాయండి. పిల్లల తల్లికి మూడు గంటలు కదలకుండా కూర్చోవడమే అలవాటు తప్పిపోయి ఉంటుంది. ఆడిట్ జవాబులు మనసులో చెప్పుకోవడం వేరు, ఇనిస్టిట్యూట్ భాషలో కాగితం మీద పెట్టడం వేరు. రాసింది సాయంత్రమే ఇనిస్టిట్యూట్ జవాబుతో పోల్చి చూసుకోండి. దిద్దేవాళ్ళ కోసం వెతుకుతూ వారాలు పోగొట్టుకోకండి.

8. జ్వరం వచ్చిన వారం

పిల్లకి ఒంట్లో బాగోనప్పుడు చదవకండి. పుస్తకం ముందేసుకొని కూర్చుంటే చదువూ సాగదు, పిల్ల దగ్గరా ఉండలేం. ఆ వారం రికార్డులు మాత్రం వినండి, చాలు. టీకాల తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ రెండ్రోజులూ ఖాళీగా ఉంచుకోండి. చివరి పది రోజుల్లో టీకా పడుతుంటే, కాస్త ముందుకో వెనక్కో జరపొచ్చా అని డాక్టరునే అడగండి, సొంతంగా మార్చకండి.

మీ గురించి కూడా ఒక మాట. ప్రసవం తర్వాత రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోతే, అది బద్ధకం కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. అటెంప్టు నాలుగు నెలల తర్వాత మళ్ళీ వస్తుంది.

9. పరీక్ష రోజులు

గ్రూపులో పేపరుకీ పేపరుకీ మధ్య సాధారణంగా ఒక రోజు వస్తుంది. ఆ ఒకటిన్నర రోజు పిల్ల పూర్తిగా వేరేవాళ్ళ బాధ్యత అని ముందే ఖాయం చేసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకి సెంటరు దగ్గరుంటే, ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. పాలిచ్చే తల్లులు రెండు వారాల ముందు నుంచే ఆ ఆరుగంటల ఎడం అలవాటు చెయ్యండి. బయల్దేరే ముందు పాలిచ్చి వెళ్ళండి. లేకపోతే మూడో గంటకి రొమ్ములు బరువెక్కి నొప్పితో రాయలేరు. తీసిపెట్టిన పాలు 25 డిగ్రీల లోపున్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మే నెలలో మన ఇళ్ళలో గది అంత చల్లగా ఉండదు కాబట్టి నేరుగా ఫ్రిజ్‌లోనే పెట్టండి. సీసా పట్టని పిల్లకి ఉగ్గుగిన్నెతో పట్టించమని అమ్మకి చెప్పండి.

ఒక పేపరు పాడైందని తర్వాతిది మానకండి. ఒక పేపర్లో 60 వస్తే దాన్ని మళ్ళీ రాయక్కర్లేకుండా దొరికే ఎక్జెంప్షన్, గ్రూపులోని పేపర్లన్నీ రాసినవాళ్ళకే ఇస్తారు. అది తర్వాతి మూడు అటెంప్టుల దాకా చెల్లుతుంది. పిల్లలున్నవాళ్ళకి దాని విలువ చాలా ఎక్కువ, వచ్చేసారి చదవాల్సింది మూడులో రెండే అవుతుంది. మూడు అటెంప్టులూ దాటాక దాన్ని శాశ్వతం చేసుకునే వీలూ ఉంది. అయితే అప్పుడు మిగిలిన పేపర్లలో ఒక్కోదానికి 40 సరిపోదు, 50 రావాలి.

10. ఫలితం కోసం ఆగకండి

ఫలితాలు రావడానికి రెండు నెలల దాకా పడుతుంది. మొదటి రెండు వారాలు పూర్తిగా పిల్లకీ నిద్రకీ ఇవ్వండి. తర్వాత, ఇంకో గ్రూపు ఉంటే, అదే పొద్దుటి గంటల్లో అది మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్ళకి ఆ వేళలు అలవాటై ఉన్నాయి, ఒక్కసారి వదిలేస్తే మళ్ళీ కుదర్చడం కష్టం. మార్కులు కొద్దిలో పోతే, నెల గడువు దాటకముందే జవాబు పత్రాల కాపీకి దరఖాస్తు పెట్టండి. ఏ ప్రశ్న వదిలేశారో, ఎక్కడ సగం జవాబుతో ఆపేశారో అందులో కనబడుతుంది. వచ్చే అటెంప్టు ఆదివారాలు వాటితోనే మొదలుపెట్టండి.